తెరమీది రంగు, కాగితముమీది రంగు

రంగులకు పేర్లు పెట్టుటలో తెలుగువారు ఎవరికిని తీసిపోరు. చీరల అంగడిలో ఒక అరగంట కూర్చున్నచో ఈ మాట నిజమని తోచును. చిలకపచ్చ, మామిడిచిగురు, వంకాయరంగు, ఉల్లిపొరరంగు, నెమలికంఠము, ముక్కుపొడిరంగు - ఒక్కొక్క పేరు వినగానే ఒక్కొక్క వస్తువు కన్నులకు కట్టును. అయితే ఈ పేర్లలో ఒక చిక్కు ఉన్నది. వంకాయ ఏ తోటలోనిది? మామిడిచిగురు నిన్న తొడిగినదా, వారము క్రిందటిదా? 'పచ్చ' అను మాటనే చూడుడు. పైరును పచ్చని పైరు అందుము. పసుపుకొమ్మును కూడ పచ్చగా ఉన్నదనియే అందుము. అందుచేతనే ఆకుపచ్చ, పసుపుపచ్చ అని విడదీసి చెప్పుకొనవలసి వచ్చినది. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుండి, బట్టను చేత పట్టుకొని మాటలాడునంతవరకు ఈ పేర్లతో పని జరిగిపోవును. వస్తువు ఎదుట లేనివారికి రంగును తెలుపవలసి వచ్చినపుడు పేరు చాలదు. రేడియోలో పనిచేయు మాకు ఈ సంగతి తక్కినవారికంటె కొంచెము ఎక్కువగా తెలియును. ధ్వనితో వాన కురిపింపగలము, రైలు నడిపింపగలము. ఒక చిటికెడు పసుపును మాత్రము చూపలేము.

ఈ చిక్కు ఇపుడు ఇంటింటికి వచ్చినది. పెండ్లి శుభలేఖ, గృహప్రవేశపు ఆహ్వానము, సంస్మరణ పత్రిక, వీధి మొగలోని ఫ్లెక్సీ - ఇవి అన్నియు కంప్యూటరు తెరమీదనే రూపు దిద్దుకొనుచున్నవి. డి.టి.పి. అంగడిలో డిజైనరు ప్రక్కన కుర్చీ వేసికొని, "బాబూ, ఆ ఎరుపు ఇంకొంచెం పెంచు, పచ్చ తగ్గించు" అని చెప్పుచుండు పెద్దలను ఊరూరను చూడవచ్చును. అన్నియు కుదిరినవనుకొని, ఐదు వందల ప్రతులు అచ్చువేయించి, కట్టలు ఇంటికి తెచ్చి విప్పిన తరువాత మొగములు చిన్నబోవును. తెరమీద నెమలివలె మెరసిన నీలము కాగితముమీద వంకాయరంగునకు తిరిగినది. చిలకపచ్చ నాచువలె అయినది. అంతకంటె పెద్ద కష్టము మరియొకటి: ఆకుపచ్చ నేలమీద ఎర్రని అక్షరములతో వేయించిన ముహూర్తము ఇంటి పెద్దవారికి ఎంత చూచినను కుదురుగా కనబడదు. అచ్చువారిని నిందించుట సులభమే. కాని చాలమారులు పొరపాటు అచ్చుయంత్రముదగ్గర జరుగదు; రంగును ఎన్నుకొన్న చోటనే జరిగియుండును.

కంప్యూటరునకు రంగు కనబడదు. దానికి తెలిసినది సంఖ్య మాత్రమే. తెరమీది ప్రతి బిందువునందును మూడు చిన్న దీపములు ఉన్నవని భావింపుడు. ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ, ఒకటి నీలము. ఒక్కొక్క దీపమును 0 మొదలు 255 వరకు, అనగా 256 మెట్లలో వెలిగింపవచ్చును. మూడును ఆరినచో నలుపు, మూడును నిండుగా వెలిగినచో తెలుపు. ఈ మెట్లను రకరకములుగా కలుపుటవలన 1,67,77,216 రంగులు ఏర్పడును. సెల్‌ఫోను తెరమీద ఆవగింజంత నీటిబొట్టు పెట్టి చూచినచో ఆ బొట్టు భూతద్దమువలె పనిచేసి ఈ మూడు దీపములను విడివిడిగా చూపును. తెర ఎంత తెల్లగా వెలిగినను సాధారణముగా దానిలో తెల్లదీపము కానరాదు.

మూడు దీపములే ఏల అనగా, మన కంటిలో రంగును గ్రహించు కణములు మూడు విధములైనవి కనుక. ఇట్లు ఉండునని 19వ శతాబ్ది ప్రారంభమున థామస్ యంగ్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఊహించెను. 1861లో జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనులో ఒక గళ్ళ రిబ్బను ఛాయాచిత్రమును ప్రదర్శించెను. ఎరుపు, ఆకుపచ్చ, నీలము వడపోతల ద్వారా వేరువేరుగా తీయించిన చిత్రములను, అవే రంగుల వెలుగులతో ఒకదానిమీద ఒకటి పడునట్లు వేసి చూపగా, రిబ్బను తన రంగులతో సభవారికి కనబడినది. నేటి టెలివిజను తెర, కంప్యూటరు తెర, సెల్‌ఫోను తెర అన్నియు ఆ ప్రదర్శనకు వారసులే.

ఎర్రని వెలుగును ఆకుపచ్చని వెలుగును సమముగా కలిపినచో తెరమీద పసుపు పుట్టును. రంగుపెట్టెతో ఆడుకొను పిల్లవాడు ఈ మాటను ఒప్పుకొనడు. ఎరుపును ఆకుపచ్చను కలిపి వాడు చూచియున్నాడు. బురద రంగు వచ్చినది. వాని మాటయు నిజమే. వెలుగులు కలిసినకొలది కాంతి పెరుగును, సిరాలు కలిసినకొలది కాంతి తరుగును. సిరా తనంత తాను వెలుగదు. తెల్లని కాగితముమీద పడిన వెలుతురులో కొంత భాగమును అది మ్రింగి, తక్కినదానిని మన కంటికి పంపును. కనుక ముద్రణలో మూలమైన రంగులు వేరు. సయాన్ అను లేతనీలపు సిరా ఎర్రని వెలుగును మ్రింగును. మెజెంటా అను ముదురు గులాబి సిరా ఆకుపచ్చని వెలుగును, పసుపు సిరా నీలపు వెలుగును మ్రింగును. లెక్క ప్రకారము ఈ మూడును కలిసినచో నలుపు రావలెను గాని, నిజమునకు వచ్చునది ముదురు గోధుమవన్నె. అందుచేత నల్లసిరాను నాలుగవదానిగా చేర్చిరి. తెరమీది లెక్క మూడు సంఖ్యలది, కాగితముమీది లెక్క నాలుగు శాతములది.

ఈ రెండు లెక్కలకును పూర్తిగా పొత్తు కుదరదు. తెర చూపగల మిక్కిలి కాంతివంతమైన ఆకుపచ్చను, నిండు నీలమును, నాలుగు సిరాలతో తెచ్చుటకు వీలులేదు. ఎంత నేర్పరియైన ముద్రాపకుడైనను దీపమువలె వెలుగు సిరాను ఆ నాలుగింటినుండి పిండలేడు. ఫొటోషాప్ వంటి సాఫ్ట్‌వేరులో ఇట్టి రంగును ఎన్నుకొన్నపుడు ఒక చిన్న హెచ్చరిక గుర్తు కనబడును. దానిని చాలమంది అలంకారమనుకొని విడిచిపెట్టుదురు. పసుపు విషయమున మనకు అదృష్టము కలదు: పసుపు సిరాయే మూలసిరా కనుక శుభలేఖ మూలలకు పూయు పసుపువలె అది శుభ్రముగా వచ్చును. కుంకుమ ఎరుపును మెజెంటా, పసుపు సిరాలు కలిసి బాగుగానే తెచ్చును. ఇబ్బంది పెట్టునవి నీలము, చిలకపచ్చ. నీలము కొరకు సయాన్ నూరు పాళ్ళు, మెజెంటా నూరు పాళ్ళు వేసినచో కాగితముమీద వచ్చునది వంకాయరంగే. నీలము నీలముగా నిలువవలెనన్నచో మెజెంటాను సయాన్‌కంటె కనీసము ముప్పది పాళ్ళు తగ్గించి ఉంచుట అచ్చుపనివారి వాడుక.

కనుక పత్రిక అచ్చుకు పోవునదియైనచో, డిజైనరు కొత్త పుట తెరచునపుడే నాలుగు సిరాల లెక్కలో తెరచుట మేలు. తెరమీదనే చూచుకొనునది, అనగా వాట్సాప్‌లో పంపుకొను ఆహ్వానమైనచో మూడు వెలుగుల లెక్క చాలును. రెండింటికిని ఒకే పత్రిక కావలెనన్న ఇంటివారు మొదట అచ్చుకు తగినట్లు చేయించి, పిదప తెరకు మార్పించుకొనుట మంచిది. తెర పరిధి సాధారణముగా పెద్దది కనుక అచ్చునకు దొరకు రంగులు ఇంచుమించుగా అన్నియు దానికి దొరకును. తెరలలో కూడ ఒకదానికి మరియొకదానికి పోలిక ఉండదు. 1996లో హ్యూలెట్ పాకర్డ్, మైక్రోసాఫ్ట్ సంస్థలు కలిసి ఎస్ఆర్‌జిబి అను ఉమ్మడి కొలతను ప్రతిపాదించినవి. 1999లో అది అంతర్జాతీయ ప్రమాణమైనది. అయినను పాతబడిన తెర, కాంతి తగ్గించిన ఫోను తమ ఇష్టము వచ్చినట్లే చూపును.

ఇక ఎన్నుకొనుట. మూడు దీపముల సంఖ్యలతో రంగును వెదకుట మనుష్యుని స్వభావమునకు సరిపడదు. "ఈ ఎరుపే, కొంచెము ముదురుగా" అని మనము తలంతుము గాని, "ఆకుపచ్చ దీపమును 12 మెట్లు దింపుము" అని తలపము. బోస్టను నగరమున చిత్రకళ బోధించిన ఆల్బర్ట్ మన్సెల్ ఈ సంగతి కంప్యూటరు పుట్టుటకు చాలముందే గ్రహించి, 1905లో ప్రచురించిన గ్రంథమున రంగునకు మూడు గుణములు చెప్పెను. ఒకటి వన్నె: ఎరుపా, పసుపా, నీలమా అనునది. రెండవది వెలుగు: లేతయా, ముదురా అనునది. మూడవది గాఢత: నిండుగా ఉన్నదా, బూడిద కలిసినట్లు ఉన్నదా అనునది. 1970లలో కాలిఫోర్నియాలోని జిరాక్సు పరిశోధనాలయమున రిచర్డ్ షూప్ సిద్ధపరచిన సూపర్‌పెయింట్ అను తొలినాటి చిత్రలేఖన సాఫ్ట్‌వేరుకొరకు ఆల్వీ రే స్మిత్ ఇటువంటి పద్ధతినే కంప్యూటరు లెక్కగా మార్చి, 1978లో ప్రకటించెను. నేడు కోరల్‌డ్రా, ఫొటోషాప్, ఇంక్‌స్కేప్ - ఏది తెరచినను రంగుల చక్రమో, రంగుల పెట్టెయో కనబడుట ఆ వరుసలోనిదే. చక్రముచుట్టు తిరిగినచో వన్నె మారును. 0 భాగలదగ్గర ఎరుపు, 60దగ్గర పసుపు, 120దగ్గర ఆకుపచ్చ, 240దగ్గర నీలము.

సాధారణముగా అందరి దృష్టియు వన్నెమీదనే నిలుచును. చదువుటకు అక్కరకు వచ్చునది మాత్రము వెలుగు. అక్షరమునకును నేలకును వన్నెలో ఎంత భేదమున్నను, వెలుగులో భేదము లేకున్నచో కంటికి అక్షరము అంచు దొరకదు. పైగా నిండుగా వెలిగిన మూడు దీపములు మన కంటికి సమానమైన వెలుగును ఈయవు. తెల్లని తెర వెలుగులో ఇంచుమించు 72 పాళ్ళు ఆకుపచ్చది, 21 పాళ్ళు ఎరుపుది, 7 పాళ్ళు మాత్రమే నీలముది. అందువలననే నిండు పసుపు తెలుపునకు దగ్గరగాను, నిండు నీలము నలుపునకు దగ్గరగాను ఉండును. తెల్లకాగితముమీద పసుపు అక్షరములు కనబడకపోవుట, నీలపు అక్షరములు చక్కగా కనబడుట ఇందుచేతనే.

ఈ భేదమును కొలుచుటకు ఒక లెక్క ఉన్నది. రెండు రంగులును ఒకటే అయినచో నిష్పత్తి 1. తెలుపుమీద నలుపైనచో 21. ఇంటర్నెట్ పుటలు అందరికిని చదువుటకు వీలుగా ఉండవలెనని 2008లో వెలువడిన నియమావళి, మామూలు అక్షరములకు ఈ నిష్పత్తి కనీసము 4.5 ఉండవలెనని కోరినది. ఇపుడు మన శుభలేఖను ఈ త్రాసులో వేసి చూతము. నిండు పసుపు నేలమీద నిండు ఎరుపు అక్షరములు: 3.7. పండుగకళ ఉన్నది గాని చిన్న అక్షరములకు చాలదు. అదే ఎరుపును వెలుగు తగ్గించి, ఎర్ర దీపమును 255నుండి 128కి దింపినచో ముదురు కుంకుమరంగు వచ్చును. డిజైనర్లు దీనిని మెరూన్ అందురు. పసుపుమీద దీని నిష్పత్తి 10 దాటును. వన్నె మారలేదు, మంగళకరమైన ఎరుపు ఎరుపుగానే ఉన్నది; కాని చదువుట సుఖమైనది. ఇక ఆకుపచ్చ దీపమును 128వద్ద ఉంచిన ఆకు వన్నెమీద నిండు ఎరుపు అక్షరములు తీసికొన్నచో 1.3 మాత్రమే. రెండు రంగులును గట్టిగా కేకలు వేయుచున్నట్లుండును, మాట మాత్రము వినబడదు. మామిడితోరణపు పచ్చ, కుంకుమ ఎరుపు మనకు ఎంత ప్రియమైనవైనను, ఒకదానిమీద ఒకటి అక్షరములుగా కూర్చుండబెట్టరాదు. వాటి నడుమ తెల్లని పట్టీ యొకటి ఉన్నచో రెండును శోభించును.

ఇందులో సౌఖ్యముకంటె పెద్ద విషయము కూడ ఉన్నది. ఎరుపును ఆకుపచ్చను వేరుపరచి చూడలేనివారు సమాజమున చాలమంది కలరు. ఉత్తర ఐరోపా సంతతి పురుషులలో నూటికి సుమారు 8 మందికి ఈ లోపమున్నది. స్త్రీలలో రెండు వందలకు ఒకరికి. మన దేశమున ఈ పాలు తక్కువయే. అయినను ఐదు వందల ఇండ్లకు పోవు పత్రికలో, అట్టివారి చేతికి చేరునవి కొన్నియైనను ఉండకపోవు. వారిలో పెక్కుమందికి తమకు ఇట్టి లోపమున్నదనియే తెలియదు. పత్రిక బాగులేదనుకొని పక్కన పెట్టుదురు. వయసు మీరినకొలది కంటిలోని కటకము పసుపువారుట వేరొక సంగతి. అపుడు లేతనీలము, బూడిదరంగు ఒకదానినుండి ఒకటి విడివడవు. దీనికి పరీక్ష సులభము. పత్రికను ఒక్క నిమిషము నలుపు-తెలుపులోనికి మార్చి చూపుమని డిజైనరును అడుగుడు. రంగులు పోయిన తరువాత కూడ పేర్లు, తేది, వేళ, చోటు చదువ వీలైనచో ఆ రంగుల కూర్పు నిలుచును.

ప్రక్కరంగు ప్రభావము మరియొక వింత. 1824లో మిషెల్ షెవ్రల్ అను రసాయన శాస్త్రజ్ఞుడు పారిస్‌లోని గోబెలిన్ వస్త్రశాలలో అద్దకపు శాఖకు అధికారి యయ్యెను. నల్లరంగు సరిగా పట్టుట లేదని, వెలసినట్లున్నదని అచట ఫిర్యాదు ఉండెను. పరీక్షింపగా అద్దకములో లోపము లేదు. ఆ నల్లదారము ప్రక్కన నేసిన దారముల రంగులే దానిని వెలవెలబోవునట్లు చేయుచుండెను. 1839లో ఆయన ఈ విషయమునకు పెద్ద గ్రంథమునే వ్రాసెను. మన నేతగాండ్రకు ఈ రహస్యము చేతులలోనే ఉన్నది. అంచునుబట్టి చీర రంగు మారునని వారికి ఒకరు చెప్పనక్కరలేదు. తెరమీద పనిచేయువారు మాత్రము రంగుల పెట్టెలో ఒంటరిగా చూచి మెచ్చుకొన్న రంగును తెచ్చి పత్రికలో ఉంచి, ఇది ఆ రంగు కాదే అని తికమకపడుదురు. రంగును దాని ఇరుగుపొరుగులతో కూడ చూచి ఎన్నుకొనవలెను.

పూయుట సులభమైన పని. ఏ ఆకారమునకైనను లోపలి నింపు ఒకటి, చుట్టుగీత ఒకటి ఉండును. రెండింటికి వేరువేరు రంగులు ఈయవచ్చును. ఇక్కడ తెలుగు లిపికి ప్రత్యేకమైన జాగ్రత్త యొకటి అవసరము. చిన్న అక్షరములకు చుట్టుగీత ఇచ్చినచో గుడి మూసికొనిపోవును, ఒత్తులు ఒకదానిలో ఒకటి కరగును, 'పి' యేదో 'పీ' యేదో తెలియదు. వధూవరుల ఇంటిపేర్లు మారిపోవునంత ప్రమాదము! చుట్టుగీత పెద్ద శీర్షికలకు చాలును. చిన్న అక్షరముల నలుపు కూడ నల్లసిరా ఒక్కదానితోనే రావలెను. నాలుగు సిరాలను కలిపి నలుపు చేసినచో, అచ్చులో ఒక సిరా వెండ్రుకవాసి జరిగినను అక్షరముల అంచులలో ఎర్రనీడయో నీలినీడయో తేలును.

చీర రంగునకు సరిపడు శుభలేఖ కావలెనని పెండ్లికుమార్తె అడుగుట నేటి మర్యాద. చీర ఫొటోమీద రంగుపీల్చు గొట్టము గుర్తును నొక్కినచో ఆ బిందువు రంగు వచ్చును. కాని పట్టుచీరలో ఒక బిందువు మడతలోని నీడ, దాని పక్కది జరీ మెరుపు. ఫొటోషాప్‌లో ఒక బిందువునకు బదులు అయిదు బిందువుల పొడవు, అయిదింటి వెడల్పు గల చోటుయొక్క సగటును తీసికొను ఏర్పాటున్నది, అది మేలు. నెమలికంఠపు చీరకు మాత్రము ఇదియు చాలదు. పడుగు ఒక రంగు, పేక మరియొక రంగు కనుక కదలినపుడెల్ల రంగు మారును. నీలమునుండి ఆకుపచ్చకు మెల్లగా జారు వర్ణక్రమమును, అనగా డిజైనర్లు గ్రేడియంట్ అనుదానిని, ఇట్టిచోట వాడుట సమంజసము. ప్రతి అక్షరమునకు ఇంద్రధనుస్సును పూసి వీధిలో నిలుపు ఫ్లెక్సీలనుగూర్చి మాత్రము మేము ఏమియు చెప్పదలచుకొనలేదు.

ఎన్నుకొన్న రంగును పేరుపెట్టి సాఫ్ట్‌వేరులో దాచుకొనుట ఇంకొక సౌకర్యము. తరువాత మూలరంగును సవరించినచో దానికి ముడిపడిన చోట్లన్నింటను తానే మారునట్లు ఏర్పాటు చేసికొనవచ్చును. ఆ దాచిన పేరు వెనుక ఉండునది మరల సంఖ్యయే. పైన చెప్పిన మెరూన్‌కు ఇంటర్నెట్‌లో వాడు సంకేతము 800000. పదునారింటి లెక్కలో 80 అనగా మన లెక్కలో 128. ఈ సంఖ్యల అవసరము కంప్యూటరుతో మొదలైనది కాదు. 1921లో పింగళి వెంకయ్యగారు బెజవాడలో గాంధీజీకి సమర్పించిన పతాకపు నమూనాలో ఎరుపు, ఆకుపచ్చ పట్టీలు ఉండెను. 1947 జులై 22న రాజ్యాంగసభ అంగీకరించిన త్రివర్ణపతాకమును దేశమంతట ఒకే తీరున తయారుచేయుటకు కాషాయమన్న మాట చాలలేదు. 1951లో భారతీయ ప్రమాణ సంస్థ పతాకమునకు ప్రమాణమును నిర్ణయించినది. 1968లో సవరించిన ప్రమాణములో ఒక్కొక్క రంగునకు 1931నాటి అంతర్జాతీయ వర్ణమానము ప్రకారము అంకెలు ఉన్నవి. వ్యాపార సంస్థలు తమ గుర్తు ఏ ఊరిలో అచ్చయినను ఒకే రంగున రావలెనన్నచో, 1963లో అమెరికాలో ఆరంభమైన పాంటోన్ పట్టికలోని సంఖ్యను చెప్పి, ఆ సిరాను విడిగా కలిపింపవచ్చును.

కట్టకడపటి పరీక్ష కాగితముమీదనే. మొత్తము ప్రతులు వేయుటకు ముందు, వాడబోవు కాగితముమీదనే ఒక నమూనా అడుగుడు. మీగడవన్నె అట్టమీద తెలుపు ఉండదు. అట్ట రంగు ప్రతి సిరాలోను కలియును, లేతనీలము ఆకుపచ్చవైపు జరుగును. నమూనాను అంగడిలోని దీపముక్రింద కాక బయటకు తెచ్చి పగటి వెలుతురులో చూడుడు. ఒక దీపముక్రింద ఒకటిగా కనబడిన రెండు రంగులు వేరొక దీపముక్రింద విడిపోవుట కలదు. అందుచేతనే రంగులు సరిచూచుకొను ముద్రణాలయములలో 5000 కెల్విన్ ప్రమాణపు దీపములు వాడుదురు. నచ్చినచో ఆ నమూనా వెనుక నాలుగు సిరాల శాతములను కలముతో వ్రాయించి దాచుకొనుడు. రెండవ అమ్మాయి పెండ్లికి కూడ అదే పసుపు కావలెనన్నచో, అదే అచ్చుయంత్రము, అదే కాగితము దొరకినంతవరకు, ఆ నాలుగు అంకెలు చెప్పిన చాలును.